బడ్ పావెల్‌ని ఎవరు పిచ్చివాణ్ణి చేశారు?

తెల్లవాడి మంచితనం మీద సినిమా తీస్తే లోకమంతా కళ్లు తుడుచుకుంటుంది. తెల్లవాడి లాఠీ మీద తీస్తే మాత్రం 'ఇందులో కళ ఎక్కడుంది, అంతా ప్రచారమే' అంటుంది. 1986లో బెర్ట్రాండ్ తావెర్నియే అనే ఫ్రెంచి దర్శకుడు 'రౌండ్ మిడ్‌నైట్' అని ఒక సినిమా తీశాడు. అమెరికా నుంచి పారిస్ వచ్చిన ఒక నల్ల సంగీతకారుడు. తాగుడు, జబ్బు, చేతిలో చిల్లిగవ్వ లేదు. క్లబ్బులోకి పోయే స్తోమత లేని ఒక ఫ్రెంచివాడు బయట వానలో కూచుని అతని సంగీతం వింటాడు. తర్వాత ఇంటికి తీసుకుపోయి కన్నబిడ్డలా సాకుతాడు. ఇదీ కథ. ఫిలిం సొసైటీల పెద్దమనుషులకి ఈ సినిమా అంటే ప్రాణం. మంచి సినిమానే, కాదనం. ముఖ్యపాత్ర వేసిన డెక్స్‌టర్ గార్డన్ నిజంగానే నల్ల సంగీతకారుడు, పద్నాలుగేళ్లు యూరప్‌లో బతికినవాడు. అతని మొహం చూస్తుంటే నటన అనిపించదు.

మా పేచీ సినిమాతో కాదు, చూసి బయటికొచ్చినవాళ్ల మాటలతో. 'పాపం పిచ్చివాడు. ఆ ఫ్రెంచి మనిషి దేవుడిలా దొరికాడు' అంటారు. ఆ కథకి మూలమైన మనిషి పేరు బడ్ పావెల్. పియానో వాయించేవాడు. అతను పిచ్చివాడెట్లా అయ్యాడని ఎవరూ అడగరు. దేవుడెవరో చెప్పడానికి అందరికీ తీరికుంది. కొట్టినవాడెవరో చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు.

ముందు మనిషి సంగతి చెప్పుకుందాం. అసలు పేరు ఎర్ల్ పావెల్. 1924 సెప్టెంబర్ 27న న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టాడు. హార్లెం అంటే నల్లవాళ్ల పేట. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివిన కొలంబియా యూనివర్సిటీ ఆ పేటకి ఆనుకునే ఉంటుంది. ఆయన అక్కణ్ణుంచి వచ్చేసిన ఎనిమిదేళ్లకి ఈ బిడ్డ పుట్టాడన్న మాట. తండ్రి పియానో వాయించేవాడే. తమ్ముడు రిచీ కూడా పియానో కళాకారుడే అయ్యి, 1956లో కారు ప్రమాదంలో చనిపోయాడు. బడ్‌కి చిన్నప్పుడే గురువుని పెట్టి యూరప్ వాళ్ల శాస్త్రీయ సంగీతం చెప్పించారు. పదిహేనేళ్లకి బడి మానేసి వాయించి సంపాదించడం మొదలుపెట్టాడు.

పియానో అంటే మన భజన మందిరంలో హార్మోనియానికి పెద్దన్న లాంటిది. కాకపోతే గాలితో పలకదు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి పోయి తీగని కొడుతుంది. మొత్తం 88 మెట్లు. అంటే అది సగం తీగల వాయిద్యం, సగం డప్పు. ఈ డప్పు మాట ఊరికే అనడంలేదు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు, డప్పులు కొట్టుకుంటూ నడిచారు. మరుసటి ఏడు అక్కడి దొరలు చట్టం చేశారు, బానిసల చేతిలో డప్పు ఉండకూడదు, కొమ్ము ఉండకూడదని. డప్పు మోగితే పక్క తోటలోవాడికి కబురు అందుతుందని భయం. మన దగ్గర దీనికి తలకిందులు. చావుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి, చాటింపుకి కొట్టాలి, కొట్టనంటే వెలి. అక్కడ డప్పు పట్టుకుంటే శిక్ష, ఇక్కడ పట్టుకోకపోతే శిక్ష. రెండుచోట్లా డప్పు ఎవరిది, ఎప్పుడు మోగాలి అని తేల్చేది మాత్రం దొరే.

చేతిలోంచి డప్పు లాక్కుంటే ఆ దరువు చప్పట్లలోకి పోయింది, కాళ్లలోకి పోయింది, చివరికి దొర ఇంటి వాయిద్యాల్లోకే దూరింది. న్యూ ఆర్లియన్స్ ఊళ్లో జాజ్ అనే సంగీతం అట్లా పుట్టింది. బడ్ పావెల్ కాలం వచ్చేసరికి అది పెద్ద హోటళ్లలో తెల్లవాళ్లు జంటలు కట్టి ఆడుకునే పాట అయిపోయింది. అప్పుడు హార్లెంలో 118వ వీధిలో మింటన్స్ అనే చోట నల్ల కుర్రాళ్లు కొందరు రాత్రిళ్లు చేరి వేరే సంగీతం తయారు చేశారు. ఆడటానికి కుదరనంత వేగం, కూచుని వినాల్సిందే. థెలోనియస్ మంక్, చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఈ గుంపులోవాళ్లు. బడ్ పావెల్‌ని చేరదీసింది మంక్. అప్పటిదాకా పియానోలో ఎడమచెయ్యి తాళం వేస్తూ కూచునేది. బడ్ దాన్ని ఆ కూలిపని నుంచి తప్పించాడు. తాళం సంగతి డ్రమ్స్ వాడికి వదిలేసి, ఎడమచేత్తో అక్కడక్కడా ఒక మాట వేస్తూ, కుడిచేత్తో సన్నాయివాడు ఊపిరి బిగబట్టి ఊదినంత పొడుగు వరసలు వాయించాడు. తర్వాత వచ్చిన జాజ్ పియానోవాళ్లలో ఆ దారి తొక్కనివాళ్లు తక్కువ.

ఇదంతా ఇరవై ఏళ్లకే. ఇప్పుడు దెబ్బ సంగతి.

1945 జనవరిలో కూటీ విలియమ్స్ అనే ఆయన బృందంతో ఫిలడెల్ఫియాలో కచేరీకి వెళ్లాడు. కచేరీ అయ్యాక తాగి రైలు స్టేషన్ దగ్గర తిరుగుతుంటే పోలీసులు పట్టుకున్నారు. తల మీద కొట్టారు. తాగి వీధిలో తిరిగిన తెల్ల కుర్రాణ్ణి ఏం చేసేవాళ్లు? ఇంటి అడ్రసు అడిగి రిక్షా ఎక్కించినట్టు ఏ బండో ఎక్కించేవాళ్లు. ఇతన్ని ఆస్పత్రిపాలు చేశారు. ఆ రోజు నుంచే తలనొప్పులు, మనిషి మారిపోవడం అని తోటి కళాకారులు చెప్పుకుంటూ వచ్చారు. 1947 నవంబర్‌లో హార్లెంలో ఒక బారులో గొడవై సీసా దెబ్బ కంటిపైన తగిలింది. ఈసారి అతన్ని క్రీడ్‌మూర్ అనే ప్రభుత్వ పిచ్చాసుపత్రిలో పడేశారు. దాదాపు పదకొండు నెలలు ఉంచారు, తలకి కరెంటు షాకులు ఇచ్చారు. అక్కడ గోడ మీద సుద్దముక్కతో పియానో మెట్లు గీసుకుని వాయించేవాడని సంగీతకారుల్లో ఒక కథ తిరుగుతుంటుంది. 1951లో మత్తుమందు కేసు, మళ్లీ ఆస్పత్రి, 1953 దాకా. మంక్ కూడా అదే కేసులో ఇరుక్కుని అరవై రోజులు జైల్లో ఉన్నాడు.

'అతనికి పుట్టుకతోనే ఆ జబ్బు ఉండి ఉంటుంది, దెబ్బలతో సంబంధం లేదు' అని వాదించేవాళ్లున్నారు. ఉండొచ్చు. మేం డాక్టర్లం కాదు. కానీ ఈ వాదన మనకి కొత్త కాదు. లాకప్పులో మనవాడు చనిపోతే 'వాడికి ముందే గుండెజబ్బు ఉంది' అంటారు కదా, అదే గొంతు. జబ్బు ఉన్నవాణ్ణి తల మీద కొట్టొచ్చని ఏ వైద్యశాస్త్రంలో రాసుంది?

1953లో బయటికొచ్చాక ఇంకో వింత. ఇతనికి తన డబ్బు చూసుకునే తెలివి లేదని కోర్టు తేల్చింది. న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ అనే క్లబ్బు మేనేజరు ఆస్కార్ గుడ్‌స్టీన్‌ని సంరక్షకుడిగా పెట్టారు. అంటే వాయించేది ఆ క్లబ్బులో, సంపాదన చేరేది ఆ క్లబ్బు మేనేజరు చేతికి. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? పాలేరు జీతం దొర దగ్గరే జమ. 'నీకెందుకురా, తాగి తగలేస్తావు, నా దగ్గర ఉంటే భద్రం.' ఆ ఏడాదే బడ్ ఒక పాట కట్టాడు, పేరు 'ది గ్లాస్ ఎన్‌క్లోజర్'. అద్దాల గది అని అర్థం. లోపలున్నవాడు అందరికీ కనిపిస్తాడు, బయటికి రాలేడు.

దీనికి తోడు న్యూయార్క్ పోలీసులది ఇంకో పద్ధతి. 1940 నుంచి 1967 దాకా క్లబ్బుల్లో వాయించేవాళ్లు పోలీసుల దగ్గర వేలిముద్రలిచ్చి కార్డు తీసుకోవాలి. కేసు పడితే కార్డు పీకేస్తారు. మంక్‌కి 1951 నుంచి 1957 దాకా కార్డు లేదు. అంటే ఆరేళ్లు తన సొంత ఊళ్లో క్లబ్బుల్లో వాయించడానికి వీల్లేదు. వేలిముద్రలివ్వాల్సింది దొంగలు. మన తెలుగునాట స్టువర్టుపురం లాంటిచోట్ల కులాలకి కులాల్నే దొంగజాతులని రాసి వేలిముద్రలు తీసుకున్న తెల్లదొరల చట్టం గుర్తొచ్చినవాళ్లని మేం తప్పుపట్టం.

అందుకే పారిస్. 1959లో బడ్ పావెల్ అక్కడికి చేరాడు. అంతకుముందే చాలామంది నల్ల కళాకారులు, రచయితలు చేరి ఉన్నారు. రిచర్డ్ రైట్, జేమ్స్ బాల్డ్విన్ లాంటి పెద్ద రచయితలు పోయారు. కెనీ క్లార్క్ అనే గొప్ప డ్రమ్స్ కళాకారుడు 1956లోనే పోయి స్థిరపడ్డాడు. అక్కడ ఏ హోటల్లో ముందు గుమ్మంలోంచి వెళ్తే వెనక గుమ్మం చూపించరు. బస్సులో వెనక సీటు లేదు. 'బ్లూ నోట్' అనే క్లబ్బులో బడ్ పావెల్, కెనీ క్లార్క్, పియేర్ మిషెలో అనే ఫ్రెంచి కళాకారుడు ముగ్గురూ కలిసి వాయించారు. స్వీడన్ పోయి వాయించాడు, డెన్మార్క్ పోయి వాయించాడు. 1963లో డెక్స్‌టర్ గార్డన్‌తో కలిసి పారిస్‌లోనే చేసిన రికార్డు ఇవాళ్టికీ జనం వింటున్నారు. వేళ్లు పూర్వంలా ఎప్పుడూ పరుగెత్తేవి కాదు. కొన్ని రాత్రులు తడబడేవి, కొన్ని రాత్రులు మళ్లీ పాత బడ్ దిగివచ్చేవాడు.

పారిస్‌లోనూ డబ్బు అతని చేతికి రాలేదు. వెంట వచ్చిన బటర్‌కప్ అనే ఆమె చూసుకునేది. ఆమె లార్గాక్టిల్ అనే మందు ఎక్కువెక్కువ ఇచ్చి అతన్ని మత్తులో ఉంచేదని ఫ్రాన్సిస్ పోద్రా రాశాడు. ఈ పోద్రాయే సినిమాలో వానలో కూచున్నవాడు, బొమ్మలు వేసి బతికే మనిషి. బడ్‌ని తన ఇంటికి తెచ్చుకున్నాడు, తిండి పెట్టాడు, 1963లో క్షయ వస్తే ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. పరాయి మనిషి కోసం అంత చేసినవాణ్ణి తీసిపారేసే కుసంస్కారం మాకు లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. పుస్తకం రాసింది పోద్రా, 1986లో. సినిమా తీసింది ఇంకో ఫ్రెంచి మనిషి. ఆ నల్ల ఆడమనిషి వైపు నుంచి పుస్తకమూ లేదు, సినిమా లేదు. లాఠీ పట్టుకున్నవాడికి సినిమాలో మొహం లేదు. కరెంటు షాకులిచ్చిన డాక్టరుకి మొహం లేదు. చెడ్డమనిషిగా కనిపించేది మాత్రం నల్ల ఆడది. ఆమె తప్పు చేయలేదని మేం అనడం లేదు. ఏ తప్పుకి కెమెరా తిప్పారో చూడమంటున్నాం.

పారిస్‌ది ఇంకో మొహం కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే కథ సగమే.

బడ్ పావెల్ పారిస్‌లో ఉన్న ఆ రోజుల్లోనే ఫ్రాన్సు అల్జీరియా దేశాన్ని కాళ్లకింద పెట్టుకుని యుద్ధం చేస్తోంది. పారిస్‌లో వేలమంది అల్జీరియా కూలీలు ఉండేవాళ్లు. ఫ్యాక్టరీల్లో, రోడ్ల పనుల్లో వాళ్లే. 1961 అక్టోబర్ మొదట్లో పోలీసు అధిపతి మోరిస్ పాపోన్ అల్జీరియన్లు రాత్రి 8.30 తర్వాత వీధుల్లో తిరగొద్దని ఆజ్ఞ వేశాడు. దానికి నిరసనగా అక్టోబర్ 17న పెళ్లాం బిడ్డల్ని వెంటబెట్టుకుని, చేతిలో కర్రముక్క లేకుండా వేలమంది ఊరేగింపుగా వచ్చారు. పోలీసులు తలలు పగలగొట్టారు, కాల్చారు, కొందరిని సేన్ నదిలోకి విసిరేశారు. పదకొండువేల మందికి పైగా అరెస్టయ్యారు. చనిపోయింది ఇద్దరు ముగ్గురేనని అప్పట్లో సర్కారు బొంకింది. చరిత్రకారులు పదుల్లో మొదలుపెట్టి రెండు వందలదాకా లెక్క చెబుతారు. ఈ పాపోన్ ఎవరనుకున్నారు? అంతకుముందు హిట్లర్ కాలంలో యూదుల్ని రైళ్లెక్కించి చావుకి పంపడంలో చెయ్యివేసినవాడు. దానికి 1998లో శిక్ష పడింది. అల్జీరియన్ల చావులకి ఎవరికీ శిక్ష పడలేదు.

అరెస్టయినవాళ్లని పాలే దె స్పోర్ అనే పెద్ద ఆటల హాలులో కుక్కారు. విరిగిన చేతులతో, పగిలిన తలలతో రోజుల తరబడి అక్కడే. ఇంతలో అదే హాలులో కచేరీ రోజు వచ్చింది. అక్టోబర్ 20న. అల్జీరియన్లని వేరేచోటికి తోలి, హాలు కడిగి, మందు చల్లి సిద్ధం చేశారు. కచేరీ ఎవరిదంటే రే చార్లెస్‌ది. అమెరికా నల్లవాడు, గుడ్డివాడు, పియానో వాయిస్తూ పాడేవాడు. పారిస్ జనం నెత్తిన పెట్టుకున్నారు. మూడురోజుల కింద అల్జీరియావాడి నెత్తురు పడ్డ హాలులోనే అమెరికా నల్లవాడికి చప్పట్లు కొట్టారు. రే చార్లెస్‌ని మనం ఏమీ అనలేం, ఆయన పాట పాడుకుని పోయాడు. కానీ పారిస్‌కి నల్లరంగు మీద ప్రేమ అని చెప్పేవాళ్ల నోట మాత్రం ఈ హాలు పేరు ఎప్పుడూ రాదు.

పారిస్ ప్రేమించింది పక్కింటి పాలేరుని. తన ఇంటి పాలేరుని కాదు. అమెరికా నల్లవాణ్ణి ఆదరిస్తే అమెరికావాడికంటే మేం మంచివాళ్లం అనిపించుకోవచ్చు, పైసా నష్టం లేదు. అల్జీరియావాడికి న్యాయం చేయాలంటే అతని దేశం అతనికి ఇవ్వాలి. విలియం గార్డ్‌నర్ స్మిత్ అని పారిస్‌లో బతికిన నల్ల రచయిత ఈ ముడిని పట్టుకుని 1963లో 'ది స్టోన్ ఫేస్' అనే నవల రాశాడు. ఈ మారణకాండని అప్పుడే నవలకెక్కించిన నల్ల రచయిత అతను. అమెరికాలో దెబ్బలు తిని పారిస్ వచ్చి హాయిగా ఉన్న నల్లవాడు, అల్జీరియావాడి కళ్లలోకి చూడాల్సి వస్తే ఏం చేయాలి అన్నదే ఆ నవల.

మన పట్నాల్లో ఈ పారిస్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మార్టిన్ లూథర్ కింగ్ బొమ్మ గోడకి తగిలించుకునే అగ్రవర్ణ మేధావి, మండేలా విడుదలైతే కవిత రాసినవాడు, కారంచేడు దగ్గరికొచ్చేసరికి 'రెండువైపులా తప్పుంది' అన్నాడు. చుండూరుకొచ్చేసరికి 'కుర్రాళ్లు కొంచెం దూకుడు' అన్నాడు. నల్లవాడు దూరంగా ఉన్నాడు కాబట్టి ఆయన పక్కన కూచోడు, ఆయన గ్లాసులో తాగడు, ఆయన పిల్లని అడగడు.

అయితే మనం నల్లవాళ్ల కథ చెప్పుకోకూడదా? చెప్పుకోవాలి. ఆ చుట్టరికం వాళ్లు పెట్టింది కాదు, మనవాళ్లు పెట్టుకున్నది. ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని అమెరికాలో బానిసత్వం తొలగించడానికి పోరాడినవాళ్లకి అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1946లో డూబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత పాంథర్లయ్యారు. ఈ దారిలో వస్తే బడ్ పావెల్ మనకి దిక్కులేని పిచ్చివాడిలా కనిపించడు, తలకి దెబ్బ తగిలిన పనివాడిలా కనిపిస్తాడు.

ఈ పారిస్‌లోనే ఇంకో పియానో మనిషి ఉంది, ఆమె పేరు సినిమావాళ్లకి గుర్తురాలేదు. హేజల్ స్కాట్. ట్రినిడాడ్‌లో పుట్టి హార్లెంలో పెరిగింది. నల్లవాళ్లని వేరుగా కూచోబెట్టే హాలులో వాయించనని ముందే కాయితం రాయించుకునేది. 1948లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో హాలుకొచ్చి చూస్తే జనాన్ని రంగుబట్టి విడదీసి కూచోబెట్టారు, వాయించకుండానే వెళ్లిపోయింది. ఒక హోటల్లో తిండి పెట్టమంటే కోర్టుకెక్కి గెలిచింది. 1950లో ఆమెకి సొంతంగా టీవీ కార్యక్రమం ఉండేది. అప్పుడే కమ్యూనిస్టు అని ముద్ర వేశారు. ఆమె తనంతట తానే సెప్టెంబర్ 22న విచారణ కమిటీ ముందుకు పోయి మొహమ్మీద మాట్లాడింది. వారం తిరక్కుండా కార్యక్రమం తీసేశారు. 1957లో పారిస్ పోయింది, 1967లో తిరిగొచ్చింది. ఈమెని వానలోంచి ఎత్తుకొచ్చిన తెల్లవాడు లేడు. అందుకే సినిమా లేదు కాబోలు!

బడ్ పావెల్ 1964 ఆగస్టులో పోద్రాతో కలిసి న్యూయార్క్ వచ్చాడు, ఆ బర్డ్‌లాండ్‌లోనే వాయించడానికి. పోద్రా తిరిగి వెళ్లిపోయాడు, బడ్ ఉండిపోయాడు. ఎందుకు ఉండిపోయాడని పారిస్ అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. ఊరికి పోవాలని ఉంటుంది కదా మనిషికి. దుబాయి పోయినవాణ్ణి అడగండి. 1966 జులై 31న బ్రూక్లిన్‌లో ఆస్పత్రిలో చనిపోయాడు. క్షయ, తాగుడు, తిండి లేకపోవడం. నలభై ఒక్కేళ్లు. హార్లెంలో శవయాత్రకి వేలమంది వచ్చారు.

పాటలు వినాలంటే ఇప్పుడు కష్టం లేదు, మన కుర్రాళ్ల ఫోనుల్లో దొరుకుతాయి. 1951లో చేసిన 'ఉన్ పోకో లోకో'తో మొదలుపెట్టండి. స్పానిష్‌లో 'కాస్త పిచ్చి' అని అర్థం, ఆ పేరుతో పాట రికార్డు చేసిన ఏడాదే అతన్ని మళ్లీ ఆస్పత్రిలో వేశారు. డ్రమ్స్ మీద మాక్స్ రోచ్. ఆయన ఆవు మెడలో కట్టే గంట లాంటిది ఒకటి పెట్టుకుని పాట పొడుగునా కొడతాడు. ఒకే పాటని ఆ రోజు మూడుసార్లు వాయించారు, మూడూ రికార్డులో ఉన్నాయి. పేటలో డప్పు వాయించే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూచోబెట్టుకుని వినండి. పియానో సంగతి తర్వాత, ఆ గంట దెబ్బ ఎన్నో మాత్ర మీద పడుతోందో ముందు వాళ్లని అడగండి.